పదమూడో నంబరు స్పానరు

యార్డులో ఆయన అసలు పేరు ఎవరికీ పట్టలేదు. అందరికీ ఆయన సుద్దముక్కాయనే. చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. ఓడెక్కాల్సిన బండి చుట్టూ ఒకసారి తిరిగి, తలుపులు తీసి లోపలికి తొంగిచూసి, ముందద్దం మీద టిక్కు గీశాడంటే ఆ బండి గట్టెక్కినట్టే. అడ్డగీత గీశాడంటే మాత్రం లోపలున్నదంతా కిందికి దింపాల్సిందే. ఎంత బతిమాలినా ఆయన వినడని అక్కడి వాళ్లు కాస్త గొప్పగానే చెప్పుకునేవాళ్లు.

బుధవారం పొద్దున మిషన్లామె తన వ్యాను కాగితాలు పట్టుకుని వరసలో నిలబడేసరికి ఆయన ఒక చిన్న కారు మీద అడ్డగీత గీస్తున్నాడు. ఆమె పని కుట్టుమిషన్లు బాగుచేయడం. బజారంతా ఆమెను మిషన్లామె అనే పిలిచేది. కొట్టు, కార్ఖానా అన్నీ ఆ పాత వ్యానే. ఆ వ్యానుతో సహా అవతలి ఒడ్డుకు మకాం మార్చబోతోంది కాబట్టి నియమాలేమిటో ముందుగా కనుక్కుందామని వచ్చింది.

చిన్న కారు ఒక పెద్దాయనది. రిటైరైన పోస్టుమాన్. భుజానికి ఇంకా ఆ ఖాకీ సంచీయే వేలాడుతోంది.

"బుకింగులో అడిగితే పెట్టుకోవచ్చన్నారు బాబూ," అన్నాడాయన.

"బుకింగువాళ్లకేం, ఎన్నైనా అంటారు. రేపు ఏదన్నా పోతే నా పీక మీదకొస్తుంది. దింపండి."

పెద్దాయన కారు తలుపు తీశాడు. స్టవ్వు, గిన్నెల మూట, పూల దుప్పటి, చివరికి ఒక చెక్క గోడగడియారం, ఒక్కొక్కటే తీసుకెళ్లి రేకుల షెడ్డులో పెట్టాడు. అక్కడ మూడు రోజులు ఉంచుతారు. ఈలోపు ఎవరూ పట్టుకెళ్లకపోతే అది యార్డువాళ్లదే. ప్రయాణికుల పడవలో మనిషికి ఒక్క సంచీయే. ఊళ్లో ఇల్లు ఖాళీ చేసేసిన మనిషి ఆ వస్తువుల్ని ఎవరికప్పగిస్తాడు? గడియారం తలుపు తీసి, లోలకాన్ని కొక్కెం నుంచి తప్పించి, చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గడియారాన్ని గోడకేసి తిప్పి ఆనించాడు. నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, దాని ముఖం బయటికి తిప్పి పెట్టి వెళ్లాడు.

అప్పుడే ఒక నల్ల జీపు వరసను పట్టించుకోకుండా ముందుకొచ్చింది. పక్క కిటికీలకు తెరలు. వెనక టైర్లు బరువుకు నలిగి నేలకు పరుచుకున్నాయి. వెనకద్దంలోంచి పైకప్పు దాకా పేర్చిన సామాను కనబడుతూనే ఉంది. సుద్దముక్కాయన దాని చుట్టూ తిరగలేదు, తలుపు తీయలేదు. టిక్కు గీసి, ఫారం మీద "విడి సామాను లేదు" అని రాసి, దాన్ని వైపరు కింద దోపాడు.

మిషన్లామెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "దాంట్లో ఇంత సామాను పెట్టుకుని లేదంటారేంటండీ?" అంది.

"అది మా పై ఆయన బావమరిదిది," అన్నాడు ఆయన, ఆ ముక్కతో అంతా తేలిపోయినట్టు. "మీ సంగతి చెప్పండి. వ్యానులో ఏమున్నాయి?"

ఆమె గోడ మీదున్న నియమాల బోర్డు చదివింది. అందరూ చూసే బోర్డే, ఎవరూ చివరిదాకా చదవని బోర్డు. బండిలో విడి సామాను ఉండరాదు. స్టెప్నీ, జాకీ ఉండవచ్చు. బండికి గట్టిగా బిగించిన పరికరాలు బండి కిందే లెక్క. ఆ చివరి వాక్యాన్ని ఆమె రెండుసార్లు చదివింది.

"బిగించడమంటే ఏమిటండీ?"

"బోల్టు, నట్టు. తాళ్లూ తీగలూ చెల్లవు. నేను పట్టి ఊపితే కదలకూడదు." సుద్దముక్కాయన నవ్వాడు. "ఏం, ఇల్లంతా బిగించుకొస్తారా ఏంటి?"

వరసలో వెనకున్నవాళ్లు కూడా నవ్వారు. శుక్రవారం పొద్దునే ఆఖరి తనిఖీ అని తెలుసుకుని ఆమె ఇంటికి బయలుదేరింది.

*

అవతలి ఒడ్డున ఒక కుట్టు శిక్షణ బడి ఉంది. ఉప్పుగాలికి బిగుసుకుపోయిన మిషన్లు అక్కడ నలభై దాకా ఉన్నాయి. సోమవారం పొద్దున పనిముట్లతో సహా దిగితే పని ఆమెది, లేకపోతే వరసలో ఉన్న ఇంకొకరిది. ముందుగా వెళ్లి అక్కడ ఒక షెడ్డు అద్దెకు చూసిపెట్టిన భర్త ఫోనులో ఆ మాటే పదిసార్లు చెప్పాడు. వట్టి సామాన్లు మోసే ఓడ మళ్లీ నెలకు గానీ లేదు. వట్టి చేతులతో దిగి నేను మెకానిక్కునంటే ఎవరు నమ్ముతారు?

అత్తగారు గిన్నెలకు కాగితాలు చుడుతూ అంతా విన్నది. కొడుకు ముందే వెళ్లిపోయాక ఈ రెండు నెలలూ అత్తాకోడళ్లిద్దరే. పొద్దున లేస్తే ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పొసగదు, ఒకళ్లను వదిలి ఒకళ్లు అన్నమూ తినరు.

"అయితే ఏం చేద్దామంటావే?"

"బిగిద్దాం అత్తయ్యా."

"ఏవి?"

"అన్నీ."

అత్తగారు చేతిలో గిన్నె కింద పెట్టి కోడలి ముఖంలోకి చూసింది. పరాచికం కాదని అర్థమైంది. "నన్ను మాత్రం వదిలెయ్ తల్లీ. నేను సంచీతో పాటు పడవలో వస్తాను."

గురువారం పొద్దున ఎదురింటి వడ్రంగిని అడిగి డ్రిల్లింగు మిషను తెచ్చారు. పక్కవీధి ఇనపసామాన్ల కొట్టులో ఒకే కొలత బోల్టులు కావాలని మిషన్లామె పట్టుబట్టింది. అన్నీ ఒకే కొలతవైతే అన్నింటికీ పదమూడో నంబరు స్పానరు ఒక్కటే సరిపోతుంది. ముందు తను వ్యాను కిందికి దూరి వెల్లకిలా పడుకుంది. పెట్రోలు ట్యాంకు ఎక్కడుంది, బ్రేకు గొట్టం ఎటు పోతోంది, ఏ చోట కన్నం పొడిస్తే కొంప మునుగుతుంది, అన్నీ చూసుకుని, పొడవచ్చన్న చోట కింది నుంచే చిన్న కన్నాలు వేసింది. పైన అత్తగారు రేకులోంచి మొలుచుకొచ్చిన ప్రతి కన్నం చుట్టూ సుద్దతో సున్నా చుట్టింది.

మొదట పని బల్ల. దాని కాళ్లకు కోణాకారం పట్టీలు వేసి నేలకు నాలుగు బోల్టులు. కన్నం అంచుకు తుప్పు పట్టకుండా ఎర్రరంగు పూసి, వెడల్పాటి వాషరు వేసి, కింద నట్టు. పైన బోల్టు తల తిరిగిపోకుండా అత్తగారు ప్లయరుతో పట్టుకుంటే, కింద కోడలు స్పానరు తిప్పింది.

"గట్టిగా పట్టుకోండి అత్తయ్యా, జారుతోంది."

"పట్టుకునే ఉన్నాను. నీ మొగుడి చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించినప్పుడు కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు."

బల్ల మీద, వస్తువుల్ని అదిమి పట్టే వైస్ ముందే బిగించి ఉంది. పక్కన సానపట్టే మోటారు బిగిసింది. సూదులు, బాబిన్ కేసులు, షటిళ్లు, బుల్లి స్ప్రింగులు ఉన్న ఇరవై నాలుగు సొరుగుల బీరువాను గోడ పట్టీకి బిగించి, సొరుగులు తెరుచుకోకుండా ముందు అడ్డంగా ఇనప పట్టీ వేశారు. మిషన్లామె నేర్చుకునే రోజుల నాటి పాత కుట్టుమిషనూ అద్దమూ చెరో మూలా కుదిరాయి. ఒక్కొక్కటి పూర్తయ్యాక అత్తగారు చెవి మీద సుద్దముక్క పెట్టుకుని, మూతి బిగించి, రెండు చేతులా పట్టి ఊపి చూసేది. కదిలితే అడ్డగీత. అద్దానికి రెండుసార్లు అడ్డగీత పడింది. మూడోసారి గానీ ఆవిడ ఒప్పుకోలేదు.

చివరికి అత్తగారి చెక్కపెట్టె మిగిలింది. ఇంటి బట్టలూ గిన్నెలూ అందులోనే. అడుగు నుంచి నాలుగు బోల్టులు వేసి, మూత మీద రెండు ఇనప పట్టీలు దించి, పట్టీకి రెండు చొప్పున బోల్టులు వేసి మూసేశారు. పైన దిండు పరిస్తే డ్రైవరు వెనక చక్కటి సీటయింది. వడ్రంగి మిషను వడ్రంగికి చేరింది. ప్లయరు కూడా పెట్టెలో పడింది.

చేతులు కడుక్కుని వచ్చిన అత్తగారు ముక్కు మీద తడుముకుంది.

"అమ్మాయ్, నా కళ్లజోడు?"

ఇద్దరూ పెట్టె వంక చూశారు. ప్లయరు పెట్టడానికి వంగినప్పుడు జారిపోతుందని తీసి, చీరల మధ్య పెట్టిన సంగతి ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. కోడలు స్పానరు అందుకుంది.

"వద్దులే," అంది అత్తగారు. "పొద్దుట్నుంచి నీ భుజాలు చూస్తూనే ఉన్నాను. నాకు దూరం బాగానే కనబడుతుంది. దగ్గరివి చూసి ఇప్పుడు ఉద్ధరించేదేముంది? మూడు రోజులే కదా."

అలా అన్నీ బిగిసిపోయాయి. బిగించిన స్పానరొక్కటే బయట మిగిలింది. మిషన్లామె దాన్ని గుడ్డతో తుడిచి తన సంచీలో వేసుకుంది.

*

శుక్రవారం సుద్దముక్కాయన వ్యాను వెనక తలుపులు తీసి లోపలికి తొంగిచూశాడు.

"నిజంగానే బిగించుకొచ్చారా?"

"మీరే కదండీ చెప్పారు," అంది మిషన్లామె.

ఆయన లోపలికెక్కాడు. బల్లను ఊపాడు. బల్ల కదల్లేదు, వ్యాను ఊగింది. బీరువాను భుజంతో నెట్టాడు. అద్దాన్ని పట్టి లాగాడు. పాత కుట్టుమిషను చక్రం తిప్పి చూశాడు. తర్వాత పెట్టె మీద దిండు ఎత్తి, పట్టీల మీద వేలితో కొట్టాడు. "ఇదేంటి?"

"నా సీటు," అంది అత్తగారు బయటి నుంచి. "కావాలంటే కూర్చుని చూడు నాయనా. నా కళ్లజోడు కూడా అందులోనే ఇరుక్కుంది. దాన్ని తీసుకోవడం నాకే చేతకాలేదు, ఇక అది విడి సామాను ఎలా అవుతుంది?"

సుద్దముక్కాయన మూతి మీద నవ్వు వచ్చినంత పనై ఆగిపోయింది. దిగి, ముందద్దం మీద టిక్కు గీశాడు. ఫారం తీసి ఒక్కొక్కటే రాసుకున్నాడు.

టిక్కు పడింది. తాళంచెవి ఇచ్చేసి వెళ్లిపోతే మిషన్లామె పని అయిపోయినట్టే. ఆమె తాళంచెవి చేతిలోకి తీసుకుంది కూడా. కానీ రేకుల షెడ్డు దారిలోనే ఉంది. పోస్టుమాన్ పెద్దాయన అక్కడ గడియారం పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. అది మూడో రోజు. ఆయన పడవ మధ్యాహ్నానికి. ఎవరినీ ఏమీ అడగడం లేదు. దుప్పటి అంచులు కలిపి మడత పెడుతున్నాడు, మళ్లీ విప్పి ఇంకా సరిగ్గా మడత పెడుతున్నాడు.

ఆమె అత్తగారి వైపు చూసింది. అత్తగారు అప్పటికే గడియారం వైపు చూస్తోంది.

"ఒక పట్టీ తీసేసినా నా పెట్టె ఆగుతుంది," అంది ఆవిడ, ఎవరూ అడగకముందే.

మిషన్లామె షెడ్డు దగ్గరికి వెళ్లింది. "బాబాయ్ గారూ, ఆ గడియారం ఇలా ఇవ్వండి. మా వ్యానులో బిగిస్తాను. స్టవ్వుకూ గిన్నెలకూ బోల్టుల్లేవు, క్షమించండి."

పెద్దాయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "మీ బండి ఆగిపోతుందేమో తల్లీ," అన్నాడు.

ఆగిపోయే మాట నిజమే. సుద్దముక్కాయన అప్పటికే అడ్డం వచ్చాడు. "టిక్కు పెట్టాక లోపల కొత్తగా ఏం పెట్టినా టిక్కు చెరిపేస్తాను."

నలభై మిషన్లు, సోమవారం పొద్దు, ఫోనులో భర్త గొంతు, అన్నీ మిషన్లామె కళ్ల ముందు తిరిగాయి. "చెరపండి," అంది. "బిగించాక మళ్లీ వచ్చి ఊపి చూడండి."

"ఇంకొకళ్ల వస్తువు మీ బండిలో ఎలా బిగిస్తారు?"

"ఎవరిదని బోర్డు మీద లేదండీ. బిగించిందా లేదా అనే ఉంది."

ఆయన వెళ్లి, అరచేత్తో అద్దం తుడిచేశాడు. టిక్కు పోయి తెల్లటి మరక మిగిలింది. వరసలో ఎవరో అయ్యో అన్నారు. ఆమె వెనక్కి చూడకుండా వ్యానెక్కి, పెట్టె మీద ఒక పట్టీకున్న రెండు బోల్టులు విప్పింది. గడియారం వెనక చెక్కకు పైనా కిందా తగిలించే కన్నాలున్నాయి. వ్యాను గోడ పట్టీకి కంపెనీవాళ్లు వేసిన కన్నాల వరస ఉంది. చెక్కకూ ఇనుముకూ రాపిడి లేకుండా మధ్యలో పూల దుప్పటిని నాలుగు మడతలు వేసి పెట్టి, బోల్టుల్ని దాంట్లోంచే పోనిచ్చింది. పెద్దాయన గడియారాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఈలోగా అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకుని, బుధవారం నుంచీ యార్డులోనే ఉన్న ఆ నల్ల జీపు వెనక, రెండు బారల దూరంలో నిలబడింది.

"ఫ్రిజ్జు ఒకటి," అని మొదలుపెట్టింది, వరసంతా వినబడేలా. "పరుపులు రెండు. కాదు, మూడు. కుర్చీలు, కాళ్లు పైకి. ఏదో పెద్ద అట్టపెట్టె, టీవీయే అయ్యుంటుంది. ఇవన్నీ బిగించారా నాయనా? పాపం ఎన్ని బోల్టులు పట్టాయో!"

వరసలో నవ్వులు లేచాయి. ఈసారి నవ్వింది మిషన్లామెను చూసి కాదు. సుద్దముక్కాయన చెవులు ఎర్రబడ్డాయి. గబగబా వచ్చి వ్యానెక్కి, గడియారాన్ని పట్టి ఊపాడు. అది కదల్లేదు. లోపలి గంట మాత్రం సన్నగా మోగి ఊరుకుంది.

"ఈ దుప్పటి ఏంటి?" అన్నాడు గొంతు తగ్గించి. "దుప్పటి విడి సామానే."

"అది దుప్పటి కాదండీ," అంది మిషన్లామె. "వాషరు."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఫారం మీద ఏదో రాసి, వైపరు కింద దోపి, మరక మీదే మళ్లీ టిక్కు గీశాడు. జీపు దగ్గరికి వెళ్లి అక్కడ ఒక్క క్షణం నిలబడి, ఆఫీసులోకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం బండ్లు ఓడెక్కాయి. జీపు కూడా ఎక్కింది. గట్టు మీద నిలబడి చూసిన మిషన్లామె నోరు చేదైంది.

పెద్దాయన పడవకు వేళైంది. ఏదో అడగాలని, అడిగితే బాగుండదని నలుగుతున్నట్టు జేబులో లోలకాన్ని తడుముకుంటున్నాడు. మిషన్లామె సంచీలోంచి స్పానరు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మీ దగ్గర ఉంచండి బాబాయ్ గారూ. ఇది లేకుండా మేమక్కడ ఏదీ విప్పలేం. ఆదివారం రేవు దగ్గర కలుద్దాం."

*

"ఊరూ పేరూ తెలియని మనిషికి స్పానరిచ్చావా?" అన్నాడు భర్త, ఆదివారం పొద్దున రేవుకు నడుస్తూ. "ఇవాళ కొట్లన్నీ మూసేసి ఉంటాయి. రాకపోతే రేపు బడిలో ఏం పెట్టుకుని పనిచేస్తావు?"

"వస్తాడులేరా," అంది అత్తగారు కొడుకుతో.

ఓడలోంచి బండ్లు అప్పటికే దింపేశారు. పెద్దాయన చిన్న కారు వరసలో ముందే ఉంది. దాని దగ్గర ఎవరూ లేరు. మిషన్లామె నడక వేగం పెంచింది. ఎవరో ఏంటో తెలియకుండా నమ్మానే అని మొదటిసారి భయం వేసింది.

పెద్దాయన వ్యాను వెనక తలుపుల దగ్గర, నీడలో నిలబడి ఉన్నాడు. చేతిలో రుమాలు, రుమాల్లో స్పానరు.

"తెల్లారగానే వచ్చేశాను తల్లీ. మీరొచ్చేసరికి నేను లేకపోతే కంగారు పడతారని."

మిషన్లామె గేటు దగ్గర ఇచ్చిన తాళంచెవితో తలుపులు తీసింది. ఆయన లోపలికెక్కి, గడియారం మీద ఒకసారి చెయ్యేసి, దాన్ని దాటుకుని వెళ్లి పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ముందు గడియారం విప్పుకోండి బాబాయ్ గారూ," అంది ఆమె.

"అదెక్కడికీ పోదు. ముందు పెద్దావిడ కళ్లజోడు."

నాలుగు తిప్పులకు నట్లు వదిలాయి. చీరల మడతల్లోంచి కళ్లజోడు వచ్చింది. అత్తగారు దాన్ని చెంగుతో తుడిచి పెట్టుకుని, ముందుగా వ్యాను వైపరు కిందున్న ఫారం లాగి పైకి చదివింది. "పని బల్ల ఒకటి. బీరువా ఒకటి. సీటు ఒకటి. గోడగడియారం ఒకటి. వాషరు, పూలది, ఒకటి."

అందరూ నవ్వారు. పక్కన ఏదో గొడవగా ఉంటే ఆవిడ అటు నడిచింది. నల్ల జీపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఇవతలి రేవువాళ్లు పరుపుల్ని ఒక్కొక్కటే నేల మీదకు దింపుతుంటే ఎవరో ఫోనులో అరుస్తున్నాడు. అత్తగారు తిన్నగా వెళ్లి వైపరు కింద కాగితం చూసింది. "విడి సామాను లేదు" అన్న మాట మీద అడ్డగీత ఉంది. దాని కింద అదే చేతిరాతతో "తలుపు తీసి చూడలేదు" అని ఉంది. పక్కన సుద్దముక్కాయన సంతకం, పూర్తి పేరుతో.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని ఆ పేరు ఇంకోసారి చదివింది. వచ్చి కోడలికి చెప్పింది. మిషన్లామె తాము వదిలొచ్చిన ఒడ్డు వైపు ఒకసారి చూసింది. తర్వాత వ్యానెక్కి చెయ్యి చాచింది.

"స్పానరిలా ఇవ్వండి బాబాయ్ గారూ," అంది. "మీరు గడియారం పట్టుకోండి."